కాలి చిటికెన వేలు, కడుపులో బిడ్డ, మీ పేపర్లో తప్పు బొమ్మ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో, కాలి వేలు దగ్గర ఒక పాయింట్ నొక్కితే కడుపులో అడ్డం తిరిగిన బిడ్డ వారంలో తలకిందకి తిరిగిపోతుంది, చైనా వాళ్ళు వేల ఏళ్ళుగా చేస్తున్నారు, సైన్స్ కూడా ఒప్పుకుంది అని ఒక ఐటెం వేశారు కదా, దాని గురించే రాస్తున్నా. నేను చాలా ఏళ్ళు లేబర్ రూంలో నర్సుగా చేసి రిటైర్ అయినదాన్ని. చదవగానే నవ్వొచ్చింది, బొమ్మ చూశాక కోపం వచ్చింది. తీరిగ్గా కూర్చుని మళ్ళీ చదివితే మాత్రం అందులో సగం నిజమే ఉందనిపించింది, అసలు చిక్కే అక్కడుంది, మొత్తం అబద్ధమైతే ఒక ముక్కలో కొట్టిపారేసేదాన్ని, ఇంత ఉత్తరం రాసే పని తప్పేది.

ముందు బొమ్మ సంగతి. పక్కపక్కనే రెండు బొమ్మలు వేశారు. మొదటిది అరికాలు బొమ్మ, రంగురంగుల గళ్ళు, ఇది లివర్ ఇది కిడ్నీ ఇది గుండె అని. అది చైనా ఆక్యుపంక్చర్ కాదండీ, అది రిఫ్లెక్సాలజీ, అంటే పాదంలో ఒక్కో చోటు ఒక్కో అవయవానిదని చెప్పి అక్కడ నొక్కే పద్ధతి. అమెరికాలో ఫిట్జ్‌జెరాల్డ్ అనే ఈఎన్‌టీ డాక్టర్ 1917 ప్రాంతంలో ఒంటిని జోన్లుగా విడగొట్టి చెప్పిన దాన్ని, 1930ల్లో యూనిస్ ఇంగమ్ అనే ఆవిడ పాదాల మీదకి తెచ్చి గీసిన మ్యాపు నుంచి వచ్చిందది. చైనా వాళ్ళ లెక్క పూర్తిగా వేరే, వాళ్ళది ఛానెళ్ళ లెక్క, అంటే ఒంట్లో శక్తి పారే దారులని వాళ్ళనుకునేవి, గళ్ళ లెక్క కాదు. రెండూ కాళ్ళ మీదే ఉన్నాయని ఒకే గాటన కట్టేస్తే ఎలా. రెండో బొమ్మ ఇంకా ఘోరం, పాదం పైనుంచి గీసి బొటనవేలు గోరు లోపలి పక్కన ఎర్ర చుక్క పెట్టారు. మీరు చెప్తున్న పాయింట్ బొటనవేలు మీద లేనే లేదు, అది చిటికెన వేలిది, అంటే పాదానికి ఈ చివర ఉండాల్సింది ఆ చివర పెట్టారు. ఈ బొటనవేలు చుక్క సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత మళ్ళీ వస్తా, అందులో ఒక తమాషా ఉంది.

ఆ పాయింట్ పేరు జీయిన్. ఇప్పటి అంతర్జాతీయ లెక్కలో బీఎల్ 67, అంటే బ్లాడర్ ఛానెల్లో 67వది, ఆఖరిది. ఆ ఛానెల్ కంటి లోపలి మూల దగ్గర మొదలై, నుదురు మీదుగా నడినెత్తికి పోయి, వెనక మెడ, వెన్నుకి రెండు పక్కలా, తొడ వెనక, పిక్క, చీలమండ బయటి పక్క, ఇలా దిగి దిగి చిటికెన వేలు గోరు బయటి మూల దగ్గర ఆగుతుంది. ఒంటి మీద ఉన్న ఛానెళ్ళలో ఎక్కువ పాయింట్లున్నది ఇదే. జీయిన్ అంటే యిన్‌ని చేరడం అని అర్థం, వాళ్ళు ఛానెళ్ళని యిన్, యాంగ్ అని రెండు ఎదురెదురు రకాలు చేస్తారు, యాంగ్ రకమైన ఈ బ్లాడర్ ఛానెల్ అక్కడ అయిపోయి యిన్ ఛానెల్ అయిన కిడ్నీది ఆ చిటికెన వేలు కిందనుంచే మొదలై అరికాల్లోకి పోతుంది, అందుకని ఆ పేరు. తలనొప్పికీ కంటి బాధలకీ కాలి వేలు దగ్గర సూది ఎందుకు గుచ్చుతారో కూడా ఈ దారి చూస్తే అర్థమవుతుంది, దారి పైన మొదలై కింద తేలింది కాబట్టి పైన బాధకి కింద పట్టుకుంటారు. కిడ్నీ ఛానెలే గర్భసంచికి ఆధారమని వాళ్ళ శాస్త్రం, ఆ రెండూ కలిసే చోట వేడి పెడితే కదలిక వస్తుందని వాళ్ళ తర్కం. ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం మీ ఇష్టం, కానీ లోపల ఒక వరస ఉంది, గాల్లోంచి ఊడిపడింది కాదు.

చోటు కూడా ఇలా అలా అని కాదు. గోరు బయటి మూల నుంచి త్సున్‌లో పదో వంతు దూరం. త్సున్ అంటే ఆ మనిషి చేతి బొటనవేలు కణుపు దగ్గర ఉండే వెడల్పు, ఎవరి కొలత వాళ్ళ ఒంటి మీదే ఉంటుందన్నమాట, లావు వాళ్ళకీ సన్నగా ఉన్నవాళ్ళకీ ఒకే స్కేలు పెట్టరు. పదో వంతంటే ఉజ్జాయింపుగా రెండు మిల్లీమీటర్లు. చైనా, జపాన్, కొరియా నిపుణుల మధ్య 92 పాయింట్ల చోటు మీద తేడాలుంటే డబ్ల్యూహెచ్ఓ వాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చోబెట్టి మాట్లాడించి 2008లో మొత్తం 361 పాయింట్లకీ ఒక పుస్తకం తెచ్చారు, అప్పటికీ ఆరింటి మీద ఒక మాటకి రాలేదట. అంత పంచాయితీ నడిచిన విషయంలో మీ ఆర్టిస్ట్ గారు వేలే మార్చేశారు. సుంగ్ వంశం కాలంలో, 1027లో, వాంగ్ వెయ్‌యీ అనే ఆయన నిలువెత్తు కంచు బొమ్మలు చేయించాడు, ఒంటి నిండా పాయింట్ల దగ్గర చిల్లులు, పైన మైనం పూసి లోపల నీళ్ళు పోసి విద్యార్థి చేత సూది గుచ్చించేవాళ్ళట, సరైన చోట పడితే నీళ్ళు కారతాయి, పడకపోతే ఫెయిల్. మీ బొమ్మ పట్టుకుని చిటికెన వేలు పాయింట్ కోసం వెళ్తే మాత్రం ఫెయిలే.

ఇక అసలు తప్పు, నొక్కడం అన్నారు. నొక్కడం కాదండీ. బిడ్డని తిప్పడానికి ఈ పాయింట్ దగ్గర చేసేది ప్రధానంగా మోక్సా, అంటే ఎండబెట్టి నూరిన ఆకు పొడిని కడ్డీలా చుట్టి, చివర నిప్పు అంటించి, వేలికి తగలకుండా రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పట్టుకోవడం. ఆ ఆకు మన మాచిపత్రి జాతిదే. మనం మొత్తాన్నీ ఆక్యుపంక్చర్ అనేస్తాం కానీ చైనాలో ఈ వైద్యాన్ని జెన్-జియు అంటారు, జెన్ అంటే సూది, జియు అంటే ఈ కాల్చే పద్ధతి, పేరులోనే సగం వాటా నిప్పుది. 2010లో యునెస్కో వాళ్ళు సాంస్కృతిక వారసత్వం జాబితాలో చేర్చినప్పుడు కూడా రెండు పేర్లూ కలిపే రాశారు. పొద్దున ఒకసారో, పొద్దున సాయంత్రమో, ఒక్కో కాలికి పదిహేను నిమిషాలు, వారం పది రోజులు చేస్తారు. వేడి తెలియాలి, కాలకూడదు. మీ ఐటెంలో మోక్సా అన్న మాటే లేదు, గోటితో గట్టిగా నొక్కండి అని ఉంది, అది ఎవరు చెప్పారో నాకైతే అర్థం కాలేదు.

వేల ఏళ్ళు అన్నది కొంచెం సాగదీసినా పాతదన్నది మాత్రం నిజమే. ఆ పాయింట్ పేరూ చోటూ రెండు వేల ఏళ్ళ నాటి లింగ్‌షూ అనే చైనా వైద్య గ్రంథంలోనే ఉన్నాయి, చిటికెన వేలు కొస అని. కాన్పుకి వాడిన కథ టాంగ్ వంశం నాటి జాంగ్ వెన్‌జోంగ్ అనే వైద్యుడిది. ఒకావిడకి బిడ్డ అడ్డం తిరిగి చెయ్యి ముందు బయటికొచ్చింది, తాయెత్తులూ మందులూ ఏవీ పనిచెయ్యలేదు, ఆయన ఆవిడ కుడికాలి చిటికెన వేలు కొస మీద గోధుమ గింజంత మోక్సా ముద్దలు మూడు పెట్టి కాల్చాడు, నిప్పు పడగానే కాన్పు అయిపోయింది అని రాసుకున్నారు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. చెయ్యి ముందు వచ్చిన కేసు ఎలా ఉంటుందో లేబర్ రూంలో నిలబడినవాళ్ళకే తెలుస్తుంది, ఆపరేషన్ లేని ఆ రోజుల్లో ఆ గదిలో ఉన్నవాళ్ళు వేలు కాల్చడం కాదు ఏదైనా చేసి ఉండేవాళ్ళు. కథని నమ్మమని అనట్లేదు, ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది అంటున్నా.

సైన్స్ ఒప్పుకుంది అన్నారు కదా, దాని దగ్గరికి వద్దాం. మీ ఐటెంలో డెబ్బై అయిదు శాతం అని ఒక అంకె ఉంది. అది ఎక్కడ్నుంచి వచ్చిందో నాకు తెలుసు, 1998లో అమెరికా డాక్టర్ల సంఘం పత్రికలో వచ్చిన స్టడీ అది. చైనాలో జియాంగ్సీ రాష్ట్రంలో చేశారు, చేసింది ఇటలీ డాక్టర్ కార్దీని, చైనా డాక్టర్ హువాంగ్ వెయ్‌షిన్. మొత్తం 260 మంది తొలిచూలు ఆడవాళ్ళు, అందరికీ 33వ వారంలో బిడ్డ తల పైకే ఉంది, 130 మందికి మోక్సా, మిగతా 130 మందికి ఏమీ లేదు. 35వ వారానికి మోక్సా వాళ్ళలో 98 మందికి తల కిందకొచ్చింది, అది 75.4 శాతం. సరే బావుంది. మరి ఏమీ చెయ్యని వాళ్ళలో? 62 మందికి తిరిగింది. అంటే 47.7 శాతం! ఏమీ చెయ్యకుండానే! ఈ రెండో అంకె మీరు వెయ్యలేదు, అది వేస్తే కదా మొదటి అంకె విలువ ఎంతో తెలిసేది. బిడ్డలు వాళ్ళంతట వాళ్ళే తిరుగుతారండీ, 28 వారాలప్పుడు నలుగురిలో ఒకరు తల పైకే పెట్టుకుని ఉంటారు, నెలలు నిండేసరికి నూటికి ముగ్గురో నలుగురో మిగులుతారు. అందుకే వేలు నొక్కినా, నొక్కకపోయినా, గోడకేసి చూసినా మా పాప తిరిగింది అని చెప్పేవాళ్ళు బోలెడుమంది దొరుకుతారు.

అయినా తేడా ఉంది కదా 75కీ 47కీ, అంటారు. ఉంది, అందుకే సగం నిజం అన్నా. కానీ కథ అక్కడ ఆగలేదు. అదే కార్దీని గారు తన సొంత దేశంలో ఆరు ఆస్పత్రుల్లో మళ్ళీ చేశారు, 2005లో బయటికొచ్చింది. ఈసారి కూడా 260 మందిని తీసుకోవాలనుకుని 123 దగ్గరే ఆపేయాల్సి వచ్చింది, మోక్సా గుంపులో 65 మంది ఉంటే 14 మంది మధ్యలో మానేశారు, వాసన పడలేదని, వికారం వస్తోందని, పొత్తికడుపు నొప్పిగా ఉందని. చివరికి మోక్సా వాళ్ళలో 34 శాతం, మామూలు వాళ్ళలో 36 శాతం. అంటే తేడా ఏమీ లేదు. తన మొదటి స్టడీకి ప్రపంచమంతా పేరొచ్చాక అదే మనిషి ఈ ఫలితం కూడా దాచకుండా అచ్చేయించాడు, ఆయనంటే నాకు గౌరవం కలిగింది ఇక్కడే. జెనీవాలో 212 మంది మీద చేస్తే మోక్సా వాళ్ళలో 18 శాతం, మామూలు వాళ్ళలో 16 శాతం, అక్కడా లాభం లేదు, కాకపోతే వాళ్ళు 34 నుంచి 36 వారాల మధ్య మొదలుపెట్టారు, అప్పటికి లోపల చోటు తగ్గిపోతుంది కాబట్టి ఆలస్యమైందని ఒక వాదన ఉంది.

ఆ తర్వాత 2013లో స్పెయిన్ వాళ్ళది. ఇది నాకు చాలా నచ్చిన స్టడీ, 406 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి చిటికెన వేలు దగ్గర మోక్సా, ఇంకో గుంపుకి డమ్మీ పాయింట్ దగ్గర మోక్సా, మూడో గుంపుకి మామూలు చెకప్‌లు మాత్రమే. అసలు పాయింట్ వాళ్ళలో 58.1 శాతం తిరిగారు, డమ్మీ వాళ్ళలో 43.4, ఏమీ లేనివాళ్ళలో 44.8. డమ్మీ, ఏమీ లేకపోవడం, రెండూ దాదాపు ఒకటే అయ్యాయి చూడండి. ఇంతకీ ఆ డమ్మీ పాయింట్ ఎక్కడ పెట్టారనుకుంటున్నారు? ఎస్‌పీ 1, అంటే బొటనవేలు గోరు లోపలి మూల. మీ ఆర్టిస్ట్ గారు ఎర్ర చుక్క పెట్టిన చోటే! పనిచెయ్యదని ఏరికోరి ఎంచుకున్న చోటుని మీరు లక్షల మంది పాఠకులకి ఇదిగో ఇక్కడ నొక్కండి అని చూపించారు. ఇది చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇలాంటి స్టడీలన్నీ కలిపి చూసే కోక్రేన్ వాళ్ళు 2012లో, మోక్సా ఒక్కటే చేస్తే పుట్టేనాటికి తేడా కనపడట్లేదు అన్నారు, 2023లో 13 స్టడీలు, 2181 మందిని కలిపి మళ్ళీ చూసి, మామూలు చెకప్‌లతో పాటు మోక్సా చేస్తే పుట్టేనాటికి బిడ్డ తల కిందకి రాకుండా ఉండిపోయే అవకాశం బహుశా కొంత తగ్గుతుంది, సిజేరియన్ల లెక్కలో మాత్రం పెద్ద తేడా ఉండకపోవచ్చు అన్నారు. బహుశా, కొంత. ఈ రెండు మాటలూ మీ హెడ్డింగులో పెట్టడం కష్టమే, ఒప్పుకుంటా.

ఇంకో విషయం మీ వాళ్ళకి తెలియకపోవచ్చు కాబట్టి చెప్తున్నా, రేపెవరైనా దాన్ని కూడా పంపిస్తారు మీకు. 1998లోనే ఇదే బీఎల్ 67 మీద ఇంకో పేపర్ వచ్చింది, ఇక్కడ సూది గుచ్చితే మెదడులో చూపుకి సంబంధించిన భాగం స్కాన్‌లో వెలిగింది అని, అమెరికా సైన్స్ అకాడమీ పత్రికలో. కాలి వేలుకీ కంటికీ లింకు దొరికిందని ఎంత హడావుడి చేశారో. 2006లో దాన్ని రాసినవాళ్ళే వెనక్కి తీసుకున్నారు, కనీసం నొప్పి విషయంలో పలానా పాయింటుకే పలానా పని అనేది లేదని తేల్చుకున్నాం, పాత ఫలితాలతో ఇప్పుడు మేమే ఏకీభవించట్లేదు అని. మొదటి వార్త ఇప్పటికీ తిరుగుతోంది, రెండోది ఎవరికీ పట్టలేదు.

ఇదంతా చదివి, పోనీలే అమ్మా నొక్కితే పోయేదేముంది అని మీరు అనొచ్చు. ఒక అనుభవం చెప్తా. నేను డ్యూటీలో ఉన్నప్పుడు ఒకమ్మాయి వచ్చింది, ఎనిమిదో నెల నిండుతోంది, కడుపుతో ఉండగా షుగర్ వచ్చింది, బిడ్డ ఎదురుకాళ్ళతో ఉంది. రెండు చిటికెన వేళ్ళ మీదా నీటి పొక్కులు. ఎవరో ఫోన్లో పంపిన మెసేజీ చూసి వాళ్ళాయన మోక్సా కడ్డీ దొరక్క సిగరెట్ వెలిగించి వారం రోజులు పట్టుకున్నాడట, రోజూ రెండుపూటలా, తలుపులేసిన గదిలో, ఆ పొగంతా పీలుస్తూ. కాలుతోందా అమ్మా చెప్పొద్దూ అంటే, బిడ్డ కోసం ఓర్చుకున్నానండీ అంది. ఓర్చుకోవడం కాదు తల్లీ వేడిగా ఉంటే దూరం జరపాలి, అంతే కదా ఆ పద్ధతి అని నేను కూర్చుని చెప్పాల్సి వచ్చింది. అంతకంటే బాధేంటంటే, ఆ వారం చెకప్‌కి రావాల్సింది రాలేదు, వేలు వేడి చేస్తున్నాం కదా తిరుగుతుందిలే అని. స్కానింగ్ చేస్తే మాయ కిందకి ఉంది. మాయ కిందుంటే బిడ్డ తిరిగినా తిరగకపోయినా ఆ దారి మూసే ఉన్నట్టు, రక్తం పోయే ప్రమాదం వేరే. ఎందుకు తిరగలేదు అన్న ప్రశ్నకి జవాబు చాలాసార్లు లోపలే ఉంటుంది, మాయ కిందకుండటం, ఉమ్మనీరు తక్కువో ఎక్కువో ఉండటం, గర్భసంచి ఆకారం, గడ్డలు, కవలలు. కాలి వేలు చూస్తే అవేవీ కనపడవు.

పైగా చైనా సంప్రదాయంలోనే గర్భిణులకి జాగ్రత్తగా ఉండాలి అని రాసుకున్న పాయింట్ల జాబితాలో ఈ జీయిన్ కూడా చాలాచోట్ల కనిపిస్తుంది, కాన్పు త్వరపెట్టడానికి కూడా దీన్నే వాడతారు కాబట్టి. నిజంగా ముందే నొప్పులు తెప్పిస్తుందా అంటే దానికి గట్టి సాక్ష్యం లేదు, కానీ ఆ వైద్యం తెలిసినవాళ్ళు ఊరికే ఐదో నెల నుంచే రోజూ నొక్కుకోండి అని మాత్రం చెప్పరు. మీ ఐటెంలో ఏ నెలలోనైనా అని ఉంది! ఐదో నెలలో బిడ్డ ఎటు తిరిగి ఉంటే ఏంటండీ, రోజుకి పదిసార్లు పల్టీలు కొడుతుంది. నేను పైన చెప్పిన మోక్సా స్టడీలన్నీ 32, 33 వారాల దగ్గర్నుంచే.

మొదట చెప్పాల్సిన మాట మీరు అసలు చెప్పనేలేదు. 36, 37 వారాలప్పుడు కూడా బిడ్డ తిరగకపోతే డాక్టర్లు పొట్ట మీద చేతులతో మెల్లగా నెట్టి తిప్పే పద్ధతి ఒకటుంది, ఈసీవీ అంటారు, ఆస్పత్రిలో, బిడ్డ గుండె చూసుకుంటూ, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చెయ్యగలిగే చోట చేస్తారు. ఉజ్జాయింపుగా సగం మందికి పనిచేస్తుంది. చాలామంది ఆడవాళ్ళకి ఇలాంటిదొకటి ఉందనే తెలీదు, అడిగితే కదా డాక్టరు చెప్పేది, మా డాక్టర్లలో అడగకుండా చెప్పేవాళ్ళు కూడా తక్కువే, ఆ తప్పు మాది. ఎవరైనా మోక్సా చేయించుకుంటానంటే నేను వద్దనను, 33, 34 వారాల్లో, ముందు స్కానింగ్ చూపించుకుని, రక్తస్రావం, హైబీపీ, పాత సిజేరియన్ కుట్టు ఇలాంటివి లేవని డాక్టరుకి చెప్పి, నేర్చుకున్నవాళ్ళ దగ్గర, కిటికీ తెరుచుకుని చేయించుకోండి, చెకప్ మాత్రం ఒక్కటి కూడా మానొద్దు అంటా. షుగర్ వల్ల కాళ్ళు తిమ్మిరిగా ఉండేవాళ్ళయితే వద్దనే అంటా, వేడి తెలీదు కాబట్టి.

కాబట్టి ఎడిటర్ గారూ, వచ్చే ఆదివారం అదే పేజీలో, లోపల ఏ మూలో చిన్న అక్షరాల్లో కాకుండా అదే సైజులో ఇంకోసారి వెయ్యండి. అరికాలు రంగుల మ్యాపు తీసెయ్యండి. చుక్కని బొటనవేలు నుంచి తీసి చిటికెన వేలు గోరు బయటి మూలకి మార్చండి. 75 పక్కన ఆ 47 కూడా వెయ్యండి, కుదిరితే ఇటలీ 34, 36 కూడా. నొక్కండి అన్న మాట కొట్టేసి, 33వ వారం దాటినా బిడ్డ తల పైకే ఉందంటే ముందు డాక్టరుకి చూపించుకోండి అన్న లైను పైన పెట్టండి. పేజీలో చోటు లేదంటే ఆ పక్కన వేసిన రాశిఫలాలు ఒక్క వారం ఆపినా నాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ పాత చందాదారు, ఒక రిటైర్డ్ నర్సు